విలాసం

సోహార్‌ల నేను మంచినీళ్ల బండి తోల్త.
నీలిరంగు ట్యాంకరు, ఆరు వందల గ్యాలన్లు,
వెనక జెర్రిపోతు లెక్క చుట్టుకున్న పైపు.
పదకొండేండ్ల సంది
ఏ గల్లీల ఏ ఇల్లు ఎప్పుడు దూపగొంటదో
నాకెరుకైనట్టు పోస్టాఫీసుకు గూడ ఎరుక లేదు.

స్టీరింగు పక్కన ఎర్రట్ట బుక్కు.
వే నంబరు, ఇంటి నంబరు, పేరు, బాకీ.
తెలుగులనే రాస్త.
ఈ జిలేబీచుట్టలు నేనెట్ల చదవాలెనని
ఫోర్మెన్ కుంజుమోన్ రోజూ గులుగుతడు.

మొన్న బేస్తారం, మిట్టమధ్యాహ్నం,
రేగుచెట్టున్న ఇంట్ల పైపు బిగించి మోటరు ఏస్తుంటే
గేటు సందుల నుంచి పిలిచింది ఉమ్ ముహన్నద్.
ఆమె అసలు పేరు నాకు తెల్వదు.
కొడుకు పేరు చాటున తల్లి పేరు, ఈడ అదే ఆనవాయితీ.
గోడ మీద నంబరు పలక లేదు.
నాలుగు మేకుల తొర్రలు,
నడుమ ఎండ తగలని తెల్లటి చదరం.

వచ్చీరాని అరబ్బీల నాకు సమజైనంత:
ఆమె పెనిమిటి పోలీసు. ఎవర్నో పట్టిండు.
వాని తరపోళ్లు బలదియా కాయితాల్ల ఈ ప్లాటు ఎతికి
పిల్లగాని బడిసంచిల చీటి ఏసిండ్రు.
చీటిల తిట్టు లేదు, బెదిరింపు లేదు.
ఇంటి నంబరొక్కటే ఉన్నది.

"నీ బుక్కుల మా ఇల్లు కొట్టెయ్" అన్నది.
ట్యాంకు నిండి పైనుంచి కారుతున్నది.
మోటరు బందు చేసుడు మర్చిపోయిన.

జలజ యాదికొచ్చింది.
నా పెండ్లాం, హెడ్ కానిస్టేబులు.
అర్ధరాత్రి గోదారి ఒడ్డున ఏడు ఇసుక ట్రాక్టర్లను
ఒక్కతే నిలబెట్టిన మనిషి.
ఓటరు లిస్టు బడి గోడకు అంటిస్తరు గదా,
ఇంటి నంబరు, వయసు, భర్త పేరు,
అంటే నా పేరు,
ఆ కాయితం ఫోటో ఫోన్ల పట్టుకొని
ఇద్దరొచ్చిండ్రట మా వాకిట్లకు.
ఏమనలే. మంచినీళ్లడిగిండ్రు.
తాగి, గ్లాసు గద్దె మీద బోర్లించి
"హన్సిక ఏ క్లాసు?" అని
జవాబు ఇనకుంటనే పోయిండ్రు.

ఆ రాత్రి వీడియో కాల్‌ల
స్టూలెక్కి దర్వాజ మీది నంబరుకు సున్నమేస్తున్నది,
బెల్టు గూడ ఇప్పలేదు.
స్టూలు ఊగుతున్నది. నేను ఈడ మంచం మీద కూసొని
ఫోనును రెండు చేతుల్తోని గట్టిగ పట్టుకున్న.

"సున్నమేస్తే లిస్టుల పోతదా?" అన్న.
"పోదు. చేతులు ఊకుంటలేవు" అన్నది.
లిస్టుల నుంచి ఇల్లు తీసెయ్యమని అర్జీ పెట్టిందట.
ఆ అర్జీల మొదటి గడి: ఇంటి నంబరు.

పోలీసోళ్లను లెక్కలడగాలె, నేను గూడ అడుగుత.
ఠాణా గోడ మీద వాళ్ల పేర్లు
గుడ్డోడు తడిమినా తెలిసేటంత రాయాలె.
కానీ హన్సిక పండుకునే అర్ర
ఠాణా కాదు గదా.

మా తాత కవర్ల మీద చిరునామా అని రాయకపోతుండె.
విలాసం అని రాస్తుండె.
విలాసమంటే ఇల్లు దొరికే తొవ్వ.
విలాసమంటే షోకు గూడ.
ఎనిమిది మంచాల రూముల
గల్ల పెట్టె మీద కాళ్లు ముడుచుకొని పండుకుంట
నాకంటూ ఓ విలాసం లేదని ఎన్ని రాత్రులు కుమిలిన్నో.
పీవో బాక్సుకు కిటికీ ఉండదు.
నన్ను ఎతుక్కుంట ఎవ్వడూ రాడు.
అది గూడ ఒక సొమ్మని,
జలజ జీతంల అది రాదని
ఆ గేటు ముంగట నిలబడ్డంక తెలిసింది.

పెన్నుతోని కొట్టేసిన.
వెలుతురుకు పట్టి చూస్తే కనబడుతున్నది.
పేజీ చింపిన.
కింది పేజీల అచ్చు దిగింది, అదీ చింపిన.
ఉమ్ ముహన్నద్ రెండు ముక్కలూ అడిగి తీసుకున్నది.

పొద్దుమూకి లెక్క చూసుకుంట
కుంజుమోన్ వేలు ఆపిండు.
"మూడు రియాళ్ల బాకీ. పేరు లేదు, ఇల్లు లేదు. ఎవరిది?"

బయట ట్యాంకరు కింద
ఇంకా బొట్టు బొట్టు రాలుతున్నది.

"నా పేరు మీద రాయి" అన్న.